గెయిన్ ఫుల్‌గా పెట్టినా ట్రైలర్ బ్రేకులు పట్టడం లేదు: ఎక్కడి నుంచి వెతకాలి?

ఫ్రిస్కో_బండి:
అందరికీ నమస్తే. మేముండేది టెక్సాస్, డాలస్ దగ్గర. ట్రావెల్ ట్రైలర్ 28 అడుగులు, రెండు యాక్సిళ్ళు, ఒక్కోటి 3,500 పౌండ్లది. 10 అంగుళాల ఎలక్ట్రిక్ డ్రమ్ బ్రేకులు. లాగేది హాఫ్-టన్ పికప్, డ్యాష్ కింద బిగించిన ప్రొపోర్షనల్ కంట్రోలర్ (పికప్ ఎంత గట్టిగా ఆగుతుంటే ట్రైలర్ బ్రేకులకు అంత కరెంటు పంపే పెట్టె).

ఖాళీ రోడ్డు మీద 25 మైళ్ళ వేగంలో కంట్రోలర్ లివర్ చేత్తో పూర్తిగా లాగితే వెనక నుంచి ఎవరో కొంచెం పట్టుకున్నట్టు ఉంటుంది, అంతే. చక్రాలు లాక్ అయ్యే సూచనే లేదు. గెయిన్ (ట్రైలర్ బ్రేకులకు గరిష్ఠంగా ఎంత బలం ఇవ్వాలన్న సెట్టింగ్) చివరిదాకా పెట్టి ఉంది. స్క్రీన్ మీద 12 ఓల్టుల పైనే చూపిస్తోంది, ట్రైలర్ కనెక్ట్ అయిందనే అంటోంది, ఎర్రర్ కోడ్ లేదు. షాపులో కంట్రోలర్ మార్చమన్నారు. మార్చే ముందు ఏమేం చూడాలి?

వోల్ట్‌మీటర్:
కంట్రోలర్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. స్క్రీన్ మీద కనిపించే అంకె కంట్రోలర్ పంపిస్తున్నది మాత్రమే, చక్రం దగ్గర బ్రేకును పట్టించే మాగ్నెట్‌కు (విద్యుదయస్కాంతం) అందుతున్నది కాదు. మధ్యలో ఓ పాతిక అడుగుల వైరు, ఏడు పిన్నుల ప్లగ్గు, బోలెడు జాయింట్లు ఉన్నాయి. ఈ మధ్యలోనే సగం కరెంటు పోతున్నా కంట్రోలర్‌కు తెలియదు. ఒక మాగ్నెట్ కనెక్ట్ అయి ఉన్నా ట్రైలర్ ఉందనే చెబుతుంది.

ముందు తప్పు పికప్ వైపు ఉందా, ట్రైలర్ వైపు ఉందా తేల్చుకోండి. దానికి అన్నిటికన్నా సులువైన దారి బ్రేక్‌అవే స్విచ్ (ట్రైలర్ పికప్ నుంచి ఊడిపోతే పిన్ను లాగబడి, ట్రైలర్ బ్యాటరీతో బ్రేకులు వేసేది). పికప్ నుంచి ఏడు పిన్నుల ప్లగ్గు పూర్తిగా పీకేయండి. ఇది మరవద్దు. ప్లగ్గు ఉండగా పిన్ను లాగితే ట్రైలర్ బ్యాటరీ కరెంటు వెనక్కి కంట్రోలర్‌లోకి వెళ్ళి అది పాడయ్యే ప్రమాదం ఉంది. ట్రైలర్ బ్యాటరీ 12.5 ఓల్టుల పైన ఉందో లేదో చూసుకోండి. మిగతా చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టి, ఒక చక్రం నేల విడిచేలా జాకీ ఎత్తండి. జాకీ ఫ్రేము కింద పెట్టాలి, యాక్సిల్ ట్యూబు కింద కాదు. వంగిపోతుంది. ఒకరు చక్రం తిప్పుతుంటే ఇంకొకరు బ్రేక్‌అవే పిన్ను లాగాలి. చక్రం టక్కున ఆగి, చేత్తో ఎంత బలంగా తిప్పినా కదలకూడదు. ఇలా నాలుగు చక్రాలూ చూడండి. ఒక్కో పరీక్షా అయిన వెంటనే పిన్ను తిరిగి పెట్టేయండి, లేకపోతే మాగ్నెట్లు వేడెక్కుతాయి, బ్యాటరీ దిగిపోతుంది.

నాలుగూ గట్టిగా పట్టేస్తే తప్పు పికప్ వైపు. నీరసంగా పడితే కంట్రోలర్ ఎన్ని మార్చినా ప్రయోజనం లేదు.

కడపవాసి_హ్యూస్టన్:
పై పరీక్ష చేసేటప్పుడు ఒకటి గమనించండి. చక్రం తిరగకుండా ఎలక్ట్రిక్ బ్రేకు పట్టదు. మాగ్నెట్‌కు కరెంటు వెళ్ళగానే అది డ్రమ్ము లోపలి ఇనుప ముఖానికి అతుక్కుంటుంది. డ్రమ్ము తిరుగుతుంటే దాంతోపాటు జరుగుతూ బ్రేకు లోపలి చేతిని (లివర్ లాంటి కడ్డీ) లాగుతుంది, ఆ చెయ్యి షూలను (డ్రమ్మును లోపలి నుంచి నొక్కే పట్టీలు) బయటికి నెడుతుంది. అందుకని నిలబెట్టిన ట్రైలర్ దగ్గర "హమ్" అని శబ్దం వచ్చింది కాబట్టి బ్రేకు బాగుందనుకోవద్దు. ఆ శబ్దం ఆ మాగ్నెట్‌కు కరెంటు వస్తోందని చెబుతుంది, పట్టు గురించి ఏమీ చెప్పదు.

జాకీ ఎత్తే వీలు లేకపోతే దిక్సూచి తీసుకుని డ్రమ్ము పక్కన పెట్టి, ఇంకొకర్ని కంట్రోలర్ లివర్ లాగమనండి. ముల్లు తిరిగితే ఆ మాగ్నెట్ ప్రాణంతో ఉన్నట్టు. నాలుగింటిలో ఏది చచ్చిందో రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

ఫ్రిస్కో_బండి:
చేశాను. కుడి వెనక చక్రం అసలు ఆగలేదు, దిక్సూచి ముల్లూ కదల్లేదు. మిగతా మూడూ పడుతున్నాయి కానీ బలంగా నెడితే మెల్లగా తిరుగుతున్నాయి. అంటే ట్రైలర్ వైపే అన్నమాట. ఇప్పుడు మీటరుతో ఏం కొలవాలి?

వోల్ట్‌మీటర్:
రెండు కొలతలు.

ఒకటి, రెసిస్టెన్స్. ట్రైలర్ ప్లగ్గులో బ్రేకు పిన్నుకూ గ్రౌండు పిన్నుకూ మధ్య. వైర్లయితే సాధారణంగా నీలం, తెలుపు. ట్రైలర్ కింద జంక్షన్ బాక్సు దాటాక మాత్రం రంగుల్ని నమ్మొద్దు, ఏ వైరు ఏ పని చేస్తుందో మీటరుతో నిర్ధారించుకోండి. 10 అంగుళాల, 12 అంగుళాల బ్రేకుల మాగ్నెట్ ఒక్కోటి సుమారు 3.2 ఓమ్‌లు. నాలుగూ పారలల్‌లో ఉంటాయి కాబట్టి 0.8 రావాలి, వైరుది ఇంకో 0.1 కలపండి. ఇంత చిన్న విలువల దగ్గర మీటరు ప్రోబుల రెసిస్టెన్సే 0.2, 0.3 ఉంటుంది. ముందు రెండు ప్రోబులూ తాకించి వచ్చింది రాసుకుని, దాన్ని తీసేయండి.

రెండోది అసలైన కొలత: లోడు మీద ఓల్టేజీ. కంట్రోలర్‌తో కాకుండా నేరుగా బ్యాటరీతో ఇవ్వండి. కంట్రోలర్ కరెంటును ముక్కలు ముక్కలుగా ఆన్-ఆఫ్ చేస్తూ పంపుతుంది, మామూలు మీటరు దాని ముందు తికమక పడుతుంది. పైగా కొన్ని ఫ్యాక్టరీ కంట్రోలర్లు బండి ఆగి ఉంటే పూర్తి ఓల్టేజీ ఇవ్వనే ఇవ్వవు. పూర్తిగా చార్జయిన బ్యాటరీ నుంచి 20 ఆంప్స్ ఫ్యూజు వేసిన లావు వైరుతో ప్లగ్గులోని బ్రేకు, గ్రౌండు పిన్నులకు కలపండి. ఆ దారిలో డీసీ క్లాంప్ మీటరు పెట్టండి. కరెంటు పారుతున్నప్పుడే నాలుగు చోట్ల కొలవండి:

- ప్లగ్గు దగ్గర ఎంత ఓల్టేజీ
- వెనక యాక్సిల్ దగ్గర మాగ్నెట్ రెండు వైర్ల మధ్య ఎంత
- ప్లగ్గు నీలం నుంచి యాక్సిల్ దగ్గరి నీలం దాకా ఎంత పడిపోయింది
- ప్లగ్గు తెలుపు నుంచి మాగ్నెట్ గ్రౌండు వైరు దాకా ఎంత పడిపోయింది

చివరి రెండింటికీ పొడుగాటి వైరు ముక్క ఒకటి ప్రోబుకు జోడించుకోవాలి. మొత్తం ఎంత పోయిందన్నదాని కన్నా ఏ వైపు పోయిందన్నది ముఖ్యం.

గేర్‌బాక్స్_ఒహాయో:
కరెంటు లెక్కలు కానివ్వండి, కానీ షూలు చివరిసారి ఎప్పుడు బిగించారు? పడుతున్న మూడు చక్రాలు కూడా బలంగా నెడితే తిరుగుతున్నాయంటే సగం కారణం అక్కడే ఉండొచ్చు. చాలా ట్రైలర్ల బ్రేకులు వాటంతటవి అడ్జస్ట్ కావు. లైనింగు (షూ మీది రాపిడి పొర) అరిగేకొద్దీ షూకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరుగుతుంది. మాగ్నెట్ చెయ్యి తన దూరమంతా ఆ సందు పూడ్చడానికే వాడేసుకుంటుంది, నొక్కడానికి మిగిలేది తక్కువ. యాక్సిళ్ళు, బ్రేకులు తయారుచేసే డెక్స్‌టర్ కంపెనీ మాన్యువల్ ప్రకారం కొత్త బ్రేకులకు మొదటి 200 మైళ్ళ తర్వాత ఒకసారి, ఆపైన ప్రతి 3,000 మైళ్ళకూ బిగించాలి. ఈ పని చేసేవాళ్ళు తక్కువ, అందుకే "గెయిన్ పెంచుతూ పోయాను" అనే ఫిర్యాదు ఎక్కువ.

బ్యాకింగ్ ప్లేటు వెనక అడుగున రబ్బరు మూత ఉంటుంది. అది తీస్తే పళ్ళ చక్రం కనిపిస్తుంది. బ్రేక్ స్పూన్‌తో దాన్ని తిప్పుతూ, మధ్యమధ్య చక్రాన్ని ముందుకు వెళ్ళే దిశలోనే తిప్పి చూడండి. చక్రం తిప్పడం బాగా కష్టమయ్యే దాకా బిగించి, తర్వాత వెనక్కి వదలండి. చక్రం స్వేచ్ఛగా తిరుగుతూ, లైనింగు సన్నగా రాసుకుంటున్న చప్పుడు మాత్రం మిగలాలి. మామూలుగా పది పళ్ళ దరిదాపుల్లో వస్తుంది, కానీ పళ్ళు లెక్కపెట్టడం కన్నా చేతికి తెలిసే రాపిడిని నమ్ముకోవడం మేలు. నాలుగు చక్రాలకూ రాపిడి ఒకేలా ఉండాలి, లేదంటే ఒక పక్కకు లాగుతుంది.

మీ బ్రేకులు సెల్ఫ్ అడ్జస్టింగ్ రకమైతే ఈ పని ప్రతిసారీ అక్కర్లేదు. కానీ ఆ యంత్రాంగం పనిచేయాలంటే బ్రేకులు కొంత గట్టిగా పడాలి. మీలాగా కరెంటే అందకపోతే అదీ పనిచేయదు.

ఫ్రిస్కో_బండి:
సెల్ఫ్ అడ్జస్టింగ్ కాదు. రీడింగులు ఇవిగో:

ప్లగ్గు దగ్గర రెసిస్టెన్స్ (ప్రోబులది తీసేశాక): 1.5 ఓమ్‌లు
బ్యాటరీతో ఇచ్చినప్పుడు కరెంటు: 8.5 ఆంప్స్
ప్లగ్గు దగ్గర: 12.5 ఓల్టులు
వెనక యాక్సిల్ దగ్గర: 9.1 ఓల్టులు
నీలం వైపు పడిపోయింది: 1.0
తెలుపు వైపు పడిపోయింది: 2.4

వైరు మీద 14 గేజి (అంకె తగ్గేకొద్దీ వైరు లావు) అని రాసి ఉంది. ప్లగ్గు నుంచి వెనక యాక్సిల్‌కు దాదాపు 22 అడుగులు.

వోల్ట్‌మీటర్:
ఇంత శుభ్రంగా కొలిస్తే ఊహించాల్సిన పనే లేదు.

మూడు మాగ్నెట్లే పనిచేస్తుంటే 3.2ను మూడుతో భాగిస్తే 1.07. మీకు 1.5 వచ్చింది. అంటే వైర్లలో, జాయింట్లలో కలిపి 0.4 ఓమ్‌లు ఉంది. ఓల్టేజీ లెక్క కూడా అదే చెబుతోంది: 3.4 ఓల్టులను 8.5 ఆంప్స్‌తో భాగించండి, 0.4 వస్తుంది.

14 గేజి రాగి వైరు వెయ్యి అడుగులకు సుమారు 2.5 ఓమ్‌లు. మీకు పోనూ రానూ 44 అడుగులు, అంటే 0.11. మిగతా 0.29 వైరుది కాదు, పాడైన జాయింట్లది. అందులోనూ ఎక్కువ భాగం గ్రౌండు వైపే. ఒక్కో వైపు వైరు తన వంతుగా అర ఓల్టు తినాలి. నీలం వైపు ఒక ఓల్టు పోతోంది, తెలుపు వైపు 2.4. ట్రైలర్లో మాగ్నెట్ల గ్రౌండు వైర్లను ఫ్రేముకు స్క్రూ వేసి వదిలేసి ఉంటారు. ఆ స్క్రూ కింద తుప్పు పడితే ఇదే జరుగుతుంది. చూడండి.

కరెంటు విషయానికొస్తే, నాలుగు బ్రేకులకు 12 ఆంప్స్ అని పట్టికల్లో ఉంటుంది. మాగ్నెట్లు చల్లగా ఉన్నప్పుడు అంతకన్నా ఎక్కువే లాగుతాయి, వేడెక్కితే రాగి రెసిస్టెన్స్ పెరిగి తగ్గుతుంది. 8.5 అనేది చల్లటి మాగ్నెట్ల మీద చాలా తక్కువ.

మెల్‌బోర్న్_క్యారవాన్:
ఆస్ట్రేలియా నుంచి ఒక మాట. ఇక్కడ క్యారవాన్లకూ ఇవే బ్రేకులు. ప్లగ్గు మాత్రం వేరు, ఏడు పిన్నుల ఫ్లాట్ ప్లగ్గులో 5వ పిన్ను బ్రేకు, 3వది గ్రౌండు. ఆ 3వ పిన్ను ఒక్కటే లైట్లకూ బ్రేకులకూ గ్రౌండు. అది వదులైతే బ్రేకు నొక్కినప్పుడు సైడ్ లైట్లు మసకబారతాయి. ఈ లక్షణం కనిపిస్తే మీటరు తీయక ముందే గ్రౌండు వైపు వెళ్ళొచ్చు. బాగుచేసే ముందు ఇండికేటర్ వేసి బ్రేకు తొక్కి చూడండి, ఇండికేటర్ లయ మారినా అదే అనుమానం.

కడపవాసి_హ్యూస్టన్:
ఫ్రేము స్క్రూతో పాటు ఇంకో చోటు: యాక్సిల్ ట్యూబు లోపల. చాలా ట్రైలర్లలో ఎడమ చక్రం నుంచి కుడి చక్రానికి వైరును బోలుగా ఉన్న యాక్సిల్ గుండా పంపుతారు. ప్రయాణంలో అది లోపల ఊగుతూ, ట్యూబు గోడకు రాసుకుంటూ ఉంటుంది. ఇన్సులేషన్ పోయి గోడకు తగిలితే షార్ట్. తెగిపోతే అవతలి చక్రం పోయినట్టే. మీకు కుడి వెనకది ఒక్కటే చచ్చింది కాబట్టి డ్రమ్ము విప్పే ముందు ఈ వైరు చూడండి. కుడి మాగ్నెట్ వైర్లు బ్యాకింగ్ ప్లేటు వెనక విడదీసి మాగ్నెట్‌ను విడిగా కొలవండి. 3.2 వస్తే తప్పు యాక్సిల్ వైరుది. ఏమీ రాకపోతే మాగ్నెట్‌ది. ఒక వైరు నుంచి బ్యాకింగ్ ప్లేటుకు కూడా కొలవండి. అక్కడ రీడింగు వస్తే కాయిల్ లోపల షార్ట్ అయింది, ఆ మాగ్నెట్ పనికిరాదు.

ఫ్రిస్కో_బండి:
కుడి వెనక మాగ్నెట్ విడిగా కొలిస్తే ఓపెన్ (లోపల తెగిపోయింది). మిగతావి 3.1, 3.2, 3.3. గ్రౌండు స్క్రూ దొరికింది, ఫ్రేముకు అడ్డ కమ్మీ దగ్గర. విప్పితే తల కింద తుప్పు పొడి రాలింది, రింగు టెర్మినల్ నిండా ఆకుపచ్చ చిలుము. యాక్సిల్స్ దగ్గర జాయింట్లన్నీ మామూలు క్రింప్ కనెక్టర్లు, రెండు చేత్తో లాగితేనే ఊడి వచ్చాయి. వైరింగు మొత్తం మార్చేద్దామనుకుంటున్నాను. 12 గేజి సరిపోతుందా?

వోల్ట్‌మీటర్:
12 గేజి అయితే మీ దూరానికి 0.07 ఓమ్‌లు, 12 ఆంప్స్ దగ్గర 0.84 ఓల్టు నష్టం. 10 గేజి అయితే 0.044 ఓమ్‌లు, అర ఓల్టు. కూలీ మీదే కాబట్టి 10 వేసేయండి. తగరం పూత ఉన్న సన్నపోగుల రాగి వైరు తీసుకోండి, తేమకు తట్టుకుంటుంది. నీలం ఒకటి, తెలుపు ఒకటి, రెండూ ప్లగ్గు జంక్షన్ బాక్సు నుంచి వెనక యాక్సిల్ దాకా. గ్రౌండుకు ఫ్రేమును దారిగా వాడొద్దు. ఫ్రేముకు కూడా ఒక చోట కలిపి ఉంచండి, కానీ బ్రేకు కరెంటు తెల్ల వైరులోనే తిరిగి రావాలి.

మాగ్నెట్‌కు రెండు వైర్లు, ప్లస్ మైనస్ తేడా లేదు, ఏది ఎటు కలిపినా పర్వాలేదు. మొత్తం ఎనిమిది కొసలు, నాలుగు నీలానికి, నాలుగు తెలుపుకు. లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ కనెక్టర్లు వాడండి. క్రింప్ చేశాక గట్టిగా లాగి చూసి, తర్వాతే వేడి పెట్టండి. జిగురు రెండు చివర్లా బయటికి పొంగాలి. కుడి చక్రాలకు వైరును యాక్సిల్ ట్యూబు పై నుంచి, గొట్టంలో పెట్టి, క్లిప్పులతో బిగించండి. స్ప్రింగులు పైకీ కిందికీ ఆడినప్పుడు వైరు లాక్కోకుండా ఫ్రేముకూ యాక్సిల్‌కూ మధ్య కొంచెం వదులు ఉంచండి.

గేర్‌బాక్స్_ఒహాయో:
మాగ్నెట్ ఒక్కటే మార్చొద్దు, వెనక యాక్సిల్‌కు రెండు పక్కలా మార్చండి. ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ ఉంటే పట్టులో తేడా వస్తుంది.

డ్రమ్ము ఎలాగూ తీస్తున్నారు కాబట్టి లోపల ఇవి చూడండి. లైనింగు మీద గ్రీజు మరక ఉంటే ఆ షూలు కడిగి వాడొద్దు. లైనింగు గ్రీజును పీల్చుకుంటుంది, వేడెక్కినప్పుడల్లా తిరిగి పైకి వస్తుంది. వెనక సీలుతో సహా మార్చాలి. స్పిండిల్ చివర గ్రీజు గన్‌తో నింపే యాక్సిళ్ళలో ఇది మరీ ఎక్కువ. చక్రం తిప్పకుండా గబగబా కొడితే గ్రీజు లోపలి సీలును తోసుకుని సరాసరి బ్రేకు మీద పడుతుంది. చేతి గన్‌తో, చక్రం తిప్పుతూ, మెల్లగా కొట్టాలి.

లైనింగు మందం అంగుళంలో పదహారో వంతుకు వచ్చిందంటే మార్చాల్సిందే. డ్రమ్ము లోపలి వ్యాసం 10.090 అంగుళాలు దాటితే డ్రమ్మే మార్చాలి. మాగ్నెట్ ముఖం మీద ఇనుప స్కేలు నిలువుగా పెట్టండి. ఒక పక్క ఎక్కువ అరిగి వాలుగా ఉంటే చెయ్యి బుష్ వదులైందని అర్థం. అలాంటి మాగ్నెట్ డ్రమ్ము ముఖానికి పూర్తిగా ఆనదు, ఓల్టేజీ ఎంత ఇచ్చినా సగం బలమే. మాగ్నెట్ తాకే డ్రమ్ము ముఖం మీద గాట్లు ఉంటే దాన్ని లేతులో సాపు చేయించాలి. పాత మాగ్నెట్‌ను సాపు చేసిన డ్రమ్ముతో వాడకూడదు.

ఇంకోటి, ఎవరైనా ముందెప్పుడో బ్రేకులు మార్చి ఉంటే కుడి ఎడమలు తారుమారు అయ్యాయేమో చూడండి. పొట్టి లైనింగున్న ప్రైమరీ షూ ట్రైలర్ ముందు వైపు ఉండాలి, పొడవు లైనింగుది వెనక. తారుమారైతే అన్నీ కొత్తవైనా ముందుకు వెళ్ళేటప్పుడు పట్టు ఉండదు.

డ్రమ్ము తిరిగి పెట్టేటప్పుడు స్పిండిల్ నట్టును డ్రమ్ము తిప్పుతూ 50 ఫుట్-పౌండ్ల దాకా బిగించి, పూర్తిగా వదులు చేసి, డ్రమ్ము కదపకుండా చేతి వేళ్ళతో మాత్రం ఆనేదాకా తిప్పండి. పిన్ను రంధ్రం కుదరకపోతే కొంచెం వెనక్కి వదలండి, ముందుకు బిగించొద్దు. బేరింగు కాలిపోయేది అక్కడే.

ఫ్రిస్కో_బండి:
వెనక యాక్సిల్ లోపల గ్రీజు లేదు, లైనింగు మందం బాగానే ఉంది. రెండు మాగ్నెట్లు మార్చాను, 10 గేజి వైరు రెండు వైపులా వేశాను, నాలుగు చక్రాలకూ షూలు బిగించాను. అదే బ్యాటరీ పరీక్ష మళ్ళీ చేస్తే:

ప్లగ్గు దగ్గర 12.5, వెనక యాక్సిల్ దగ్గర 11.8, కరెంటు 14.6 ఆంప్స్.

బ్రేక్‌అవే పిన్ను లాగితే నాలుగు చక్రాలూ చేత్తో ఎంత నెట్టినా కదలడం లేదు.

వోల్ట్‌మీటర్:
0.7 ఓల్టు నష్టం, 14.6 ఆంప్స్. ఇంతకన్నా అడగాల్సింది లేదు. ఇప్పుడు రోడ్డెక్కే ముందు గెయిన్ తగ్గించండి. మీరు దాన్ని చివరిదాకా పెట్టి వదిలేశారు. ఇప్పుడు అదే సెట్టింగ్‌లో బ్రేకు తొక్కితే ట్రైలర్ చక్రాలు లాక్ అయి జారతాయి, తడి రోడ్డయితే ట్రైలర్ పక్కకు తిరుగుతుంది. సగం కన్నా తక్కువ నుంచి మొదలుపెట్టి, ఖాళీగా ఉన్న సమతల రోడ్డు మీద 25 మైళ్ళ వేగంలో లివర్ పూర్తిగా లాగుతూ ఒక్కో మెట్టు పెంచండి. చక్రాలు లాక్ అయ్యే చోటు కనిపెట్టి, దానికి ఒక మెట్టు కింద ఆపండి. బూస్ట్ సెట్టింగ్ ఉంటే అప్పటిదాకా సున్నాలో ఉంచండి. అది బ్రేకు తొక్కిన మొదటి క్షణంలో ఎంత ఇవ్వాలన్నదే మారుస్తుంది, గరిష్ఠ బలాన్ని కాదు. ట్రైలర్లో నీళ్ళు, సామాను నింపిన బరువుతోనే సెట్ చేయండి. ఖాళీ ట్రైలర్‌కు వేరే సెట్టింగ్ ఉంటుంది.

గేర్‌బాక్స్_ఒహాయో:
దానికి ముందు కొత్త మాగ్నెట్లను డ్రమ్ము ముఖానికి రాపిడి పెట్టాలి. 40 మైళ్ళ వేగం నుంచి 20కి తగ్గేలా ట్రైలర్ బ్రేకు వేయండి, ఇలా కనీసం ఇరవై సార్లు. మధ్యమధ్య బ్రేకులు చల్లారడానికి కొంచెం దూరం మామూలుగా నడపండి. ఇది చేయకముందు గెయిన్ సెట్ చేస్తే, ముఖాలు ఒకదానికొకటి కుదురుకున్నాక పట్టు పెరిగి మళ్ళీ సెట్ చేసుకోవాల్సి వస్తుంది. అయ్యాక నాలుగు డ్రమ్ముల వేడీ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూడండి. ఒకటి మిగతా వాటికన్నా బాగా చల్లగా ఉంటే అది పనిచేయడం లేదు. బాగా వేడిగా ఉంటే షూ ఎక్కువ బిగిసింది, లేదా బేరింగు.

ఆంధ్రా_ఆర్వీ:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. నాది ఎలక్ట్రిక్ ఓవర్ హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు, ఇదే నీరసం. ఈ కొలతలు నాకూ వర్తిస్తాయా?

వోల్ట్‌మీటర్:
లేదండీ. మీ దగ్గర నీలం వైరు మాగ్నెట్లకు వెళ్ళదు, పంపు ఉన్న యాక్చుయేటర్‌కు సంకేతంలా వెళ్తుంది. కాబట్టి ఓమ్‌ల లెక్క, ఆంప్స్ లెక్క రెండూ పనికిరావు. మీరు చూడాల్సింది: యాక్చుయేటర్‌కు బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరులో పంపు తిరుగుతున్నప్పుడు ఓల్టేజీ ఎంత, ఆయిలు మట్టం, గొట్టాల్లో గాలి. కంట్రోలర్‌లో ఎలక్ట్రిక్, హైడ్రాలిక్ అని ఎంచుకునే సెట్టింగ్ ఉంటే అది సరిగా ఉందో లేదో. వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ వివరంగా చూద్దాం.

కడపవాసి_హ్యూస్టన్:
ఫ్రిస్కో గారూ, చక్రాలు విప్పి బిగించారు కాబట్టి ఇది కూడా. అర అంగుళం స్టడ్లయితే నట్లు 90 నుంచి 120 ఫుట్-పౌండ్లు, నక్షత్రం వరసలో, టార్క్ పానాతో. మొదటి 10, 25, 50 మైళ్ళ దగ్గర ఆగి మళ్ళీ చూడండి. ట్రైలర్ చక్రాల మీద పక్క బలం ఎక్కువ పడుతుంది, నట్లు వదులవడం మామూలే.

ఫ్రిస్కో_బండి:
రాపిడి పెట్టాక లోడుతో సెట్ చేశాను. గెయిన్ సగానికి కొంచెం పైన ఆగింది. 25 మైళ్ళ దగ్గర లివర్ లాగితే ట్రైలరే పికప్‌ను ఆపుతోంది. డ్రమ్ముల వేడి నాలుగింటికీ దగ్గరదగ్గరగా ఉంది, ఎడమ ముందుది మాత్రం మిగతా వాటికన్నా కొంచెం ఎక్కువ.

గేర్‌బాక్స్_ఒహాయో:
ఆ ఎడమ ముందు చక్రం జాకీ ఎత్తి తిప్పి చూడండి. రాపిడి మిగతా వాటికన్నా ఎక్కువ ఉంటే రెండు పళ్ళు వదలండి. ఒకేలా ఉంటే అలాగే వదిలేసి, 200 మైళ్ళ తర్వాత అన్నిటికీ బిగించేటప్పుడు దాన్ని ముందు చూడండి.